ఇండక్టివ్ సెన్సర్‌తో వస్తువు కదలికను కొలవడం ఎలా?

వాల్వు లోపలి కడ్డీ ఎంత జరిగింది, తిరుగుతున్న షాఫ్ట్ ఎంత ఊగుతోంది, చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది అనే ప్రశ్నలకు ఆ వస్తువును తాకకుండానే జవాబు చెప్పగల సాధనాలలో ఇండక్టివ్ సెన్సర్ చాలా పాతది, చాలా గట్టిది. నూనె, దుమ్ము, నీటి తుంపరలు, వెలుతురులో మార్పులు దాని పనికి దాదాపు అడ్డురావు. అయితే దీన్ని బిగించి, తీగలు కలిపి, మీటరులో కనిపించిన అంకెను నేరుగా మిల్లీమీటర్లుగా చదువుకునేవారు ఒక సంగతి మరచిపోతుంటారు. ఈ సెన్సర్‌కు దూరమంటే ఏమిటో తెలియదు. తన తీగచుట్ట పుట్టించిన అయస్కాంత క్షేత్రాన్ని చుట్టుపక్కల ఉన్న లోహం ఎంత మార్చిందన్నది ఒక్కటే దానికి తెలుస్తుంది. ఆ మార్పులో దూరానిది ఒక వాటా మాత్రమే. లోహపు రకం, దాని వెడల్పు, ఉష్ణోగ్రత, పక్కనున్న బ్రాకెట్, ఆఖరికి బిగించిన బోల్టు కూడా తలా ఒక వాటా పంచుకుంటాయి. కాబట్టి కింద చెప్పబోయే పనులన్నిటికీ లక్ష్యం ఒకటే: మిగతావాటిని మారకుండా కట్టడి చేసి, మారేది దూరం ఒక్కటే అయ్యేలా చూడడం.

ముందుగా, లోపల జరిగేదేమిటి?

మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కనున్న తీగలో విద్యుత్తును ప్రేరేపిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. ఈ సెన్సర్లన్నీ ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి, కానీ దాన్ని వాడుకునే తీరు మూడు విధాలుగా ఉంటుంది.

మొదటిది ఎల్‌వీడీటీ (లీనియర్ వేరియబుల్ డిఫరెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్). బోలు గొట్టం మీద మధ్యలో ఒక ప్రైమరీ చుట్ట, దానికి అటూ ఇటూ రెండు సెకండరీ చుట్టలు ఉంటాయి. గొట్టం లోపల నికెల్, ఇనుము కలిసిన మిశ్రలోహపు కోర్ జారుతుంది. సెకండరీలు రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు కనుక, కోర్ సరిగ్గా నడుమ ఉన్నప్పుడు రెండు వోల్టేజీలూ పరస్పరం రద్దయి ఫలితం దాదాపు సున్నా అవుతుంది. కోర్ ఒక పక్కకు జరిగితే ఆ పక్క వోల్టేజీ పెరుగుతుంది, రెండో పక్క తగ్గుతుంది. రెండోది ఎడ్డీ కరెంట్ ప్రోబ్. దాని చుట్టలో ప్రవహించే అధిక పౌనఃపున్య విద్యుత్తు ఎదుటి లోహపు ఉపరితలం మీద సుడులుగా తిరిగే విద్యుత్తును పుట్టిస్తుంది; ఆ సుడులు చుట్ట శక్తిని కొంత లాగేసుకుంటాయి, లోహం దగ్గరయ్యేకొద్దీ ఎక్కువగా లాగుతాయి. మూడోది అందరికీ పరిచయమైన ప్రాక్సిమిటీ సెన్సర్. ఇందులోనూ జరిగేది దాదాపు ఇదే, కానీ అది లోహం ఉంది, లేదు అనే రెండు మాటలే చెబుతుంది. ఆ రెండు మాటలతోనే వేగాన్నీ దిశనూ ఎలా రాబట్టాలో చివర్లో చూద్దాం.

మొదటి పని: కదలికను కాగితం మీద పెట్టండి

సెన్సర్ల జాబితా తెరవకముందే కొన్ని విషయాలు రాసుకోండి. వస్తువు అటు చివరి నుంచి ఇటు చివరి వరకు ఎంత జరుగుతుంది? అతి వేగంగా కదిలినప్పుడు సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు వెళుతుంది, లేదా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది? మీకు కనిపించి తీరవలసిన అతి చిన్న మార్పు ఎంత? వస్తువు ఏ లోహంతో చేసినది, దానికి ఏ పూత ఉంది? పని జరిగేచోట ఉష్ణోగ్రత ఏ హద్దుల మధ్య మారుతుంది? ఈ వ్యాసంలో ఎక్కువ భాగానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం: ఒక స్లైడు నడిమి స్థానం నుంచి అటు 5 మి.మీ., ఇటు 5 మి.మీ. జరుగుతుంది, సెకనుకు 500 మి.మీ. దాకా వేగం అందుకుంటుంది, మనకు 0.05 మి.మీ. తేడా నమ్మకంగా తెలియాలి.

వీటిలో ఎక్కువమంది వదిలేసేది వేగం గురించిన ప్రశ్న. దాని ఫలితం ఎక్కడ తేలుతుందో ఫిల్టర్ గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

రెండో పని: సరైన రకాన్ని ఎంచుకోవడం

వస్తువుకు ఒక సన్నని కడ్డీని బిగించడానికి వీలుండి, కదలిక సరళరేఖలో సాగుతూ, ఒక మిల్లీమీటరు నుంచి కొన్ని వందల మిల్లీమీటర్ల వరకు ఉంటే ఎల్‌వీడీటీని మించినది లేదన్నది నా అభిప్రాయం. కోర్‌కూ గొట్టానికీ మధ్య రాపిడి లేదు కనుక అరుగుదల ఉండదు. కరెంటు పోయి తిరిగి వచ్చినా స్థానం మళ్లీ నేరుగా తెలుస్తుంది, సున్నా నుంచి లెక్కపెట్టుకోనక్కరలేదు. సాధారణ రకాలలో సరళరేఖ నుంచి విచలనం పూర్తి పరిధిలో 0.25 శాతం దగ్గర ఉంటుంది. మన ఉదాహరణలో మొత్తం పరిధి 10 మి.మీ. కాబట్టి అది 0.025 మి.మీ. అవుతుంది. మనకు కావలసిన 0.05లో సగం ఇక్కడే ఖర్చయిపోయిందని గమనించండి. మిగిలిన సగంలోనే బిగింపు, ఉష్ణోగ్రత, ఎలక్ట్రానిక్స్ లోపాలన్నీ ఇమడాలి.

వస్తువు తిరుగుతూ ఉంటే, లేదా దానికి ఏదీ తగిలించడానికి వీల్లేకపోతే, కదలిక ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకపోతే ఎడ్డీ కరెంట్ ప్రోబ్ వాడాలి. దాని పరిధి చుట్ట వ్యాసాన్ని బట్టి ఉంటుంది. చుట్ట వ్యాసంలో సుమారు సగం దూరం దాటాక స్పందన వేగంగా పడిపోతుందని మోటుగా గుర్తు పెట్టుకోవచ్చు. దూరం ఎక్కువ కావాలంటే చుట్ట పెద్దది కావలసిందే.

సొంతంగా చుట్ట చేసుకుని ప్రయోగం చేయదలచినవారికి ఇప్పుడు ఇండక్టెన్స్‌ను నేరుగా అంకెలుగా మార్చే చిప్‌లు దొరుకుతున్నాయి. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద గీసిన సర్పిలాకారపు చుట్టను ఒక కెపాసిటర్‌తో జతచేస్తే చాలు. 10 మైక్రోహెన్రీల చుట్టకు 330 పికోఫారడ్ల కెపాసిటర్ కలిపితే అది సుమారు 2.8 మెగాహెర్ట్జ్ వద్ద డోలిస్తుంది. అల్యూమినియం రేకు దగ్గరకు వచ్చేకొద్దీ ఆ పౌనఃపున్యం పెరుగుతుంది, చిప్ ఆ పెరుగుదలను లెక్కపెడుతుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కింద చెప్పే క్యాలిబ్రేషన్ (రీడింగును తెలిసిన దూరంతో పోల్చి సరిచూడడం) పద్ధతి దీనికీ యథాతథంగా పనికివస్తుంది.

మూడో పని: ఎదుటి లోహాన్ని సిద్ధం చేయడం

సెన్సర్ గురించి ఎంత శ్రద్ధ తీసుకుంటామో దాని ఎదుట నిలిచే లోహం గురించీ అంతే తీసుకోవాలి, ఎందుకంటే కొలత పరికరంలో ఆ లోహం కూడా ఒక భాగమే. ప్రాక్సిమిటీ సెన్సర్ల మీద ముద్రించే దూరం 1 మి.మీ. మందం గల మెత్తటి ఉక్కు చదరపు పలకతో కొలిచినది. ఆ పలక భుజం సెన్సర్ ముఖ వ్యాసానికి గాని, పేర్కొన్న దూరానికి మూడింతలకు గాని, ఏది ఎక్కువైతే దానికి సమానంగా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మీ వస్తువు అంతకంటే చిన్నదైతే దూరం తగ్గుతుంది. లోహం మారినా తగ్గుతుంది: ఉక్కుకు 1 అనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలుకు సుమారు 0.7, ఇత్తడికి 0.4 నుంచి 0.5, అల్యూమినియానికి సుమారు 0.4, రాగికి అంతకంటే కొంచెం తక్కువ వస్తుంది. కచ్చితమైన గుణకాలు ఒక్కో సెన్సర్ డేటాషీటులో ఉంటాయి, వాటినే వాడండి.

ఎడ్డీ కరెంట్ ప్రోబ్ విషయంలో లోహపు మందం కూడా చూడాలి. సుడి విద్యుత్తు ఉపరితలం కింద పలుచని పొరలోనే తిరుగుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర లోతు రాగిలో 0.066 మి.మీ., అల్యూమినియంలో సుమారు 0.08 మి.మీ. లోహం మందం ఈ లోతుకు కనీసం మూడింతలు ఉంటే వెనుక ఏముందో సెన్సర్‌కు కనిపించదు. లేకపోతే రేకు వెనకాల ఉన్న స్క్రూ కూడా కొలతలోకి చొరబడుతుంది.

నాలుగో పని: బిగింపు

యంత్రం మీద చేయి పెట్టేముందు దాన్ని ఆపి, సరఫరా తొలగించి, మరొకరు పొరపాటున మళ్లీ నడపకుండా తాళం వేయండి. ప్రోబ్ బిగించేవారి వేళ్లు తిరిగే భాగానికి చాలా దగ్గరగా ఉంటాయి.

ఎల్‌వీడీటీ బిగించేటప్పుడు కోర్‌ను వస్తువుతో కలిపే కడ్డీ అయస్కాంతానికి అంటుకోని లోహంతో చేసినదై ఉండాలి. ఇత్తడి గాని, అయస్కాంత గుణం లేని స్టెయిన్‌లెస్ స్టీలు గాని వాడతారు. ఒకసారి నేను బిగించిన సెన్సర్ ఒక పక్క సవ్యంగానూ మరో పక్క పరిధి చివర్లో పది శాతం ఎక్కువగానూ చూపించింది. చుట్టలు పాడయ్యాయనుకుని వాటిని విప్పి, కొలిచి, మళ్లీ బిగించి సగం రోజు వృథా చేశాను. ఆఖరికి తేలినదేమిటంటే, కడ్డీ పొడవు చాలక కోర్ వెనక మామూలు ఉక్కు స్క్రూ ముక్క జతచేశాను, అది గొట్టంలోకి దూరినప్పుడల్లా తానూ ఒక కోర్‌లాగే ప్రవర్తిస్తోంది. అప్పటి నుంచి గొట్టంలోకి వెళ్లే ప్రతి ముక్కనూ ముందు చిన్న అయస్కాంతంతో తాకించి చూస్తున్నాను. స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి నమ్మకండి. మంచి రకాలు కూడా వంచినప్పుడు, మరలు కోసినప్పుడు కొద్దిగా అయస్కాంత గుణం పుంజుకుంటాయి.

కోర్ గొట్టం గోడలకు తగలకుండా నడుమ జారాలి. కడ్డీ పొడవుగా ఉండి సొంత బరువుకు వంగుతుంటే, అయస్కాంత గుణం లేని గైడు ఒకటి అమర్చండి. గొట్టాన్ని పట్టే బిగింపు మరీ గట్టిగా ఉంటే అది నలిగి చుట్టల మీద ఒత్తిడి పడుతుంది. మరీ వదులుగా ఉంటే కంపనానికి జారుతుంది. రెండు చోట్ల, గుండ్రటి సాకెట్లతో, సమంగా బిగించడం మంచిది. ఒక సెన్సర్ కోర్‌ను మరో సెన్సర్‌లో పెట్టకండి. రెండూ జతగా తయారై, జతగా పరీక్షకు నిలిచినవి. కోర్‌ను నేల మీద పడేయడం, శక్తిమంతమైన అయస్కాంతం పక్కన ఉంచడం కూడా దాని గుణాన్ని మార్చగలవు.

బ్రాకెట్ దగ్గర ఉష్ణోగ్రత ప్రభావాన్ని లెక్కపెట్టడం అవసరం. ఉక్కు ప్రతి మీటరుకూ ఒక్కో డిగ్రీకి 11 నుంచి 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 200 మి.మీ. పొడవున్న బ్రాకెట్ 10 డిగ్రీలు వేడెక్కితే అదొక్కటే సుమారు 23 మైక్రాన్లు జరుగుతుంది. మన అనుమతి 50 మైక్రాన్లే కదా. అల్యూమినియం బ్రాకెట్ అయితే దాదాపు దానికి రెట్టింపు. ఖరీదైన సెన్సర్ కొని పొడవాటి అల్యూమినియం పట్టీ మీద బిగించడం కంటే, మామూలు సెన్సర్‌ను పొట్టి ఉక్కు బ్రాకెట్ మీద బిగించడం మెరుగని నేను గట్టిగా చెబుతాను. వస్తువు ఆధారంగా నిలిచిన లోహంతోనే బ్రాకెట్ కూడా చేస్తే రెండూ కలిసి పెరుగుతాయి, తేడా చాలా వరకు చెల్లిపోతుంది.

అయిదో పని: తీగలు, సరఫరా

కలపడానికి ముందు మల్టీమీటరుతో చుట్టల నిరోధం చూడండి. రెండు సెకండరీలు దాదాపు సమానంగా ఉండాలి. ఏ చుట్టకూ బయటి తొడుగుతో సంబంధం ఉండకూడదు. ఆ రెండు విలువలనూ రాసి పెట్టుకుంటే ఏడాది తరువాత లోపం వెతికేటప్పుడు అవే మీకు ఆధారమవుతాయి.

ప్రైమరీకి స్థిరమైన ఏసీ సరఫరా ఇవ్వాలి. చాలా ఎల్‌వీడీటీలు కొన్ని వోల్టులకు, 1 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య పౌనఃపున్యానికి తయారవుతాయి. డేటాషీటులో ఇచ్చిన పౌనఃపున్యం దగ్గరే నడిపితే ప్రైమరీకీ సెకండరీకీ మధ్య దశాభేదం కనిష్ఠంగా ఉండి లెక్కలన్నీ సరిపోతాయి. సున్నితత్వం ఒక మిల్లీమీటరుకు, ఒక వోల్టు సరఫరాకు ఎన్ని మిల్లీవోల్టులు అన్న రూపంలో ఇస్తారు. అది 80 అనుకోండి. 3 వోల్టుల సరఫరాతో మిల్లీమీటరుకు 240 మిల్లీవోల్టులు, 5 మి.మీ. దగ్గర 1.2 వోల్టులు వస్తాయి. ఈ లెక్క ముందే వేసుకుంటే, మొదటిసారి మీటరు చూసినప్పుడు అది నిజం చెబుతోందో లేదో వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ కొత్తవారు తడబడే చోటు ఒకటుంది. సెకండరీ వోల్టేజీని మామూలు ఏసీ మీటరుతో చూస్తూ కోర్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తోస్తే, అంకె తగ్గుతూ వచ్చి మధ్యలో కనిష్ఠానికి చేరి మళ్లీ పెరుగుతుంది. అంటే 2 మి.మీ. కుడికి జరిగినా, 2 మి.మీ. ఎడమకు జరిగినా మీటరు ఒకే అంకె చూపుతుంది. తేడా అంతా దశలో ఉంటుంది: మధ్య బిందువు దాటగానే తరంగం 180 డిగ్రీలు తిరగబడుతుంది. ఓసిల్లోస్కోప్‌లో ప్రైమరీని ఒక చానల్ మీద, సెకండరీని మరో చానల్ మీద పెట్టి కోర్‌ను మెల్లగా జరిపి చూడండి. ఒక్కసారి ఆ తిరగబడడాన్ని కంటితో చూశాక సింక్రనస్ డీమాడ్యులేటర్ ఎందుకో ఎవరూ వివరించనక్కరలేదు. సరఫరా తరంగంతో పోల్చి సెకండరీ తరంగానికి గుర్తు కేటాయించే ఆ సర్క్యూట్ వల్లనే కుడికి ధన వోల్టేజీ, ఎడమకు రుణ వోల్టేజీ వస్తాయి. విడిభాగాలతో కట్టుకోవచ్చు గాని, ఈ పని కోసమే చేసిన ఏడీ598 వంటి చిప్‌లో సరఫరా డోలకం, డీమాడ్యులేటర్ రెండూ ఉన్నాయి.

మధ్య బిందువు దగ్గర వోల్టేజీ పూర్తిగా సున్నా కాదు. రెండు చుట్టలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు, చుట్టల మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది, సరఫరాలో హార్మోనిక్‌లు (అసలు పౌనఃపున్యానికి గుణిజాలైన తరంగాలు) ఉంటాయి. మిగిలే వోల్టేజీ పూర్తి స్థాయిలో ఒక శాతం లోపు ఉంటే కంగారు పడనక్కరలేదు. అంతకు మించితే ముందు సరఫరా తరంగం ఆకారం చూడండి.

చుట్టలోని రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ 0.39 శాతం పెరుగుతుంది. స్థిర వోల్టేజీతో నడిపితే, వేడెక్కినప్పుడు ప్రైమరీలో కరెంటు తగ్గి సున్నితత్వం కూడా కొంత తగ్గుతుంది. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి స్థిర కరెంటుతో నడపడం. రెండోది రెండు సెకండరీల తీగలనూ విడివిడిగా బయటికి తెచ్చి, వాటి వోల్టేజీల తేడాను వాటి మొత్తంతో భాగించడం. సరఫరా తగ్గినా పెరిగినా తేడా, మొత్తం రెండూ ఒకే నిష్పత్తిలో మారతాయి కనుక భాగఫలం నిలకడగా ఉంటుంది. అయితే పరిధి అంతటా ఆ మొత్తం మారకుండా ఉండే సెన్సర్లకే ఇది సరిగా పనిచేస్తుంది, కాబట్టి ఈ పద్ధతి కోసం తయారైన రకమో కాదో చూసుకోండి.

సెకండరీ తీగలను జంటగా మెలిపెట్టి, షీల్డు ఉన్న కేబుల్‌లో నడిపి, షీల్డును ఎలక్ట్రానిక్స్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయడం సాధారణ పద్ధతి. మోటారు వేగాన్ని మార్చే డ్రైవుల కేబుళ్లకు సమాంతరంగా నడపకండి. దాటక తప్పకపోతే లంబంగా దాటించండి. పక్కపక్కనే రెండు సెన్సర్లుంటే రెండింటికీ ఒకే డోలకం నుంచి సరఫరా ఇవ్వండి. వేర్వేరు డోలకాలు ఇస్తే వాటి పౌనఃపున్యాల మధ్య ఉన్న చిన్న తేడా కొలతలో నెమ్మదిగా ఊగే అలగా కనిపించి, వస్తువే ఊగుతోందన్న భ్రమ కలిగిస్తుంది.

ఆరో పని: ఫిల్టర్‌నూ వేగాన్నీ సరిచూడడం

డీమాడ్యులేటర్ తరువాత సరఫరా పౌనఃపున్యపు అవశేషాన్ని తీసేయడానికి లో పాస్ ఫిల్టర్ (నెమ్మది మార్పులనే పోనిచ్చేది) ఉంటుంది. దాని హద్దు సరఫరా పౌనఃపున్యంలో పదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం, 2.5 కిలోహెర్ట్జ్ సరఫరాకు 250 హెర్ట్జ్ అన్నమాట. ప్రశాంతమైన రీడింగు కోసం ఆ హద్దును ఇంకా తగ్గించాలనిపిస్తుంది. అలా తగ్గించే ముందు ఆలస్యాన్ని లెక్కించండి. 250 హెర్ట్జ్ హద్దు గల ఒకే అంచె ఫిల్టర్ ఆలస్యం సుమారు 0.64 మిల్లీసెకన్లు. మన స్లైడు సెకనుకు 500 మి.మీ. వేగంతో పోతుంటే ఆ కొద్దిపాటి వ్యవధిలోనే 0.32 మి.మీ. ముందుకు వెళ్లిపోతుంది. 0.05 మి.మీ. కచ్చితత్వం కోరినవారికి ఇది ఆరింతల పొరపాటు, అదీ కదులుతున్నప్పుడు మాత్రమే కనిపించేది. నిలబెట్టి పరీక్షిస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆగిన చోటే కొలత కావాలంటే ఈ ఆలస్యం పట్టించుకోనక్కరలేదు. కదులుతుండగా కావాలంటే సరఫరా పౌనఃపున్యాన్నీ ఫిల్టర్ హద్దునూ పెంచాలి, లేదా తెలిసిన ఆలస్యాన్ని లెక్కలో సవరించుకోవాలి.

ఏడో పని: క్యాలిబ్రేషన్

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసినది ఈ పనికే. తయారీదారు ఇచ్చిన పట్టిక ఆయన ప్రయోగశాలలో, ఆయన లోహంతో, ఆయన బ్రాకెట్ మీద తీసినది. మీకు కావలసినది మీ యంత్రం మీద, మీ వస్తువుతో, మీ కేబుల్ పొడవుతో తీసినది.

సెన్సర్‌కు సరఫరా ఇచ్చి కనీసం అరగంట వేడెక్కనివ్వండి. పోల్చడానికి మైక్రోమీటర్ హెడ్, స్లిప్ గేజ్‌లు, మంచి డయల్ గేజ్ వీటిలో ఏదైనా వాడవచ్చు, కానీ దాని పొరపాటు మీరు కోరే కచ్చితత్వంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. మన ఉదాహరణకు 0.01 మి.మీ. నమ్మకంగా చూపే డయల్ గేజ్ సరిపోతుంది. గేజ్ కొనను సెన్సర్ కడ్డీ రేఖలోనే, లేదా వీలైనంత దగ్గరగా ఆనించండి. పక్కకు దూరంగా ఆనిస్తే స్లైడు కొద్దిగా వంకరపోయినా ఆ వంకర కొలతలో కలిసిపోతుంది.

మొదట విద్యుత్ సున్నాను వెతికి, స్లైడు నడిమి స్థానంలో ఉండగా ఆ సున్నా వచ్చేలా గొట్టాన్ని జరిపి బిగించండి. ఆపైన ఒక చివరి నుంచి మొదలుపెట్టి, మిల్లీమీటరుకొకటి చొప్పున పదకొండు బిందువుల దగ్గర ఆగుతూ వోల్టేజీ రాసుకోండి. ప్రతి బిందువునూ ఒకే దిక్కు నుంచి సమీపించడం ముఖ్యం. దాటిపోతే వెనక్కి తిప్పి ఆగకుండా, బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి. లేకపోతే స్క్రూలోని వదులు మీ పట్టికలోకి చేరుతుంది. చివరకు చేరాక అదే విధంగా వెనక్కి వస్తూ మరో పదకొండు తీయండి. ఇలా మూడు విడతలు.

ఇప్పుడు ఆ అంకెలకు అతి దగ్గరగా పోయే సరళరేఖను కనిష్ఠ వర్గాల పద్ధతిలో గీసి, ప్రతి బిందువూ ఆ రేఖకు ఎంత దూరంలో ఉందో వేరే గ్రాఫుగా వేయండి. అసలు గ్రాఫు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. లోపాలన్నీ ఈ రెండో గ్రాఫులోనే బయటపడతాయి. ఆ దూరాలు, అంటే శేషాలు, రెండు చివర్లా ఒకేలా వంగితే కోర్ తన సరళ పరిధి దాటుతోంది. ఒక పక్కే వంగితే సున్నా స్థానం తప్పింది, లేదా పక్కన ఏదో ఇనుప భాగం ఉంది. వెళ్లేటప్పటి రేఖకూ వచ్చేటప్పటి రేఖకూ మధ్య స్థిరమైన ఎడం ఉంటే వదులు ఎక్కడో కీళ్లలో ఉంది. ఏ ఆకారమూ లేకుండా చెల్లాచెదురుగా ఉంటే అది నాయిస్. ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌కు, సొంతంగా చేసిన చుట్టకు సరళరేఖ నప్పదు. వాటికి పట్టిక ఉంచుకుని నడుమ విలువలను లెక్కించుకోవాలి. దూరం పెరిగి స్పందన బలహీనపడే వైపు బిందువులను దగ్గర దగ్గరగా తీయండి.

తరువాత వస్తువును కదలకుండా బిగించి ఒక నిమిషం పాటు రీడింగులు నమోదు చేయండి, పక్కనున్న మోటార్లన్నీ ఆపి ఒకసారి, నడిపి మరోసారి. ఆ రెండు నమోదుల మధ్య తేడా మీ తీగల పనితనానికి మార్కుల జాబితా.

తిరిగే షాఫ్ట్ ఊగడాన్ని కొలవాలంటే

టర్బైన్లు, పెద్ద పంపుల షాఫ్ట్‌ల దగ్గర సర్వసాధారణంగా కనిపించే 8 మి.మీ. ప్రోబ్ మైనస్ 24 వోల్టుల సరఫరాతో నడుస్తూ మిల్లీమీటరుకు 7.87 వోల్టులు ఇస్తుంది. షాఫ్ట్ 50 మైక్రాన్ల మేర ఊగితే 0.39 వోల్టుల ఊగు కనబడుతుంది. ప్రోబ్, పొడిగింపు కేబుల్, డ్రైవర్ (ప్రోబ్‌ను నడిపే ఎలక్ట్రానిక్స్) ఈ మూడూ కలిసి ఒకే పొడవుకు సరిచేసినవి. కేబుల్ ఎక్కువైందని కత్తిరిస్తే క్యాలిబ్రేషన్ పోతుంది, మిగిలిన పొడవును చుట్టగా కట్టి పెట్టుకోవాలి. బిగించేటప్పుడు ఫీలర్ గేజ్ కంటే వోల్టేజీ చూస్తూ గ్యాప్ పెట్టడం మేలు: మైనస్ 10 వోల్టుల దగ్గర ఆపితే షాఫ్ట్ అటూ ఇటూ ఊగడానికి సరళ పరిధి రెండు వైపులా మిగులుతుంది. ప్రోబ్ కొనకు పక్కన లోహపు గోడ దగ్గరగా ఉండకూడదు.

ఈ వ్యవస్థ 4140 రకం ఉక్కుకు సరిచేసి వస్తుంది, కనుక వేరే లోహపు షాఫ్ట్ అయితే ఆ లోహపు ముక్కతో మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. అంతకంటే ఎక్కువ తిప్పలు పెట్టేది షాఫ్ట్ ఉపరితలం. ఒక చోట అయస్కాంతీకరణ మిగిలి ఉన్నా, క్రోమియం పూత మందం మారినా, గీతలున్నా ప్రోబ్‌కు అవన్నీ ఊగుడుగానే కనిపిస్తాయి. షాఫ్ట్‌ను చాలా నెమ్మదిగా తిప్పి వచ్చే తరంగాన్ని నమోదు చేసుకోండి; ఆ వేగంలో నిజమైన కంపనం ఉండదు కనుక కనిపించేదంతా ఉపరితలపు తప్పే. పూర్తి వేగంలోని కొలత నుంచి దాన్ని దశతో సహా తీసివేయాలి. ఒకే ప్రోబ్ ఒక దిక్కు కదలికనే చూస్తుంది. షాఫ్ట్ నడిమి బిందువు గీసే దారి మొత్తం కావాలంటే 90 డిగ్రీల ఎడంతో రెండు ప్రోబ్‌లు పెట్టండి.

ప్రాక్సిమిటీ సెన్సర్‌తో వేగం, దిశ

మూడు తీగల సెన్సర్‌లో గోధుమ రంగు తీగ ధన సరఫరాకు, నీలం రంగుది రుణ సరఫరాకు, నలుపుది సంకేతానికి. సంకేతాన్ని ధన సరఫరాకు కలిపే పీఎన్‌పీ, రుణ సరఫరాకు కలిపే ఎన్‌పీఎన్ రకాలలో మీ కౌంటరు ఏది అడుగుతుందో చూసి ఎంచుకోండి. 12 మి.మీ. వ్యాసపు, లోహంలో సమతలంగా బిగించగల మామూలు సెన్సర్‌కు పేర్కొన్న దూరం 2 మి.మీ. తయారీ తేడాలు, ఉష్ణోగ్రత, సరఫరా మార్పులన్నీ కలిసినా పని చేస్తుందని ప్రమాణం హామీ ఇచ్చేది అందులో 81 శాతానికి, అంటే 1.62 మి.మీ. వరకే. నేను సగం దూరానికి, 1 మి.మీ.కు పెడతాను. సమతలంగా బిగించడానికి వీల్లేని రకమైతే దాని ముఖం చుట్టూ ఖాళీ వదలాలి, లేకపోతే అది బ్రాకెట్‌నే వస్తువనుకుని ఎప్పుడూ వెలిగే ఉంటుంది.

పంటి చక్రంలో 60 పళ్లుంటే సెకనుకు వచ్చే పల్స్‌ల సంఖ్యే నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య అవుతుంది, లెక్క అక్కరలేదు. ఆ సౌకర్యం చూసి తొందరపడకండి. 3000 చుట్ల వేగంలో అది సెకనుకు 3000 పల్స్‌లు, చాలా మామూలు సెన్సర్ల స్విచింగ్ హద్దు ఒకటి రెండు కిలోహెర్ట్జ్. పైగా ఆ హద్దు కూడా పన్ను వెడల్పు సెన్సర్ ముఖమంత, పళ్ల నడుమ ఖాళీ దానికి రెండింతలు ఉన్నప్పటి మాట. 12 మి.మీ. సెన్సర్‌కు 12 పళ్లు పెడితే చుట్టుకొలత 432 మి.మీ., వ్యాసం సుమారు 138 మి.మీ. అవుతుంది, 3000 చుట్ల వద్ద 600 హెర్ట్జ్ మాత్రమే వస్తుంది, సెన్సర్ తీరిగ్గా చూడగలదు. వేగం తక్కువైనప్పుడు పల్స్‌లు లెక్కపెట్టడం మాని, రెండు పల్స్‌ల మధ్య సమయాన్ని కొలవండి. సెకనుకు మూడు పల్స్‌లు వస్తుంటే ఒక సెకను లెక్కలో ఒక పల్స్ అటూఇటూ అయినా మూడో వంతు తేడా వస్తుంది, సమయం కొలిస్తే ఆ బాధ లేదు.

దిశ కావాలంటే రెండో సెన్సర్‌ను మొదటిదాని నుంచి కొన్ని పూర్తి పళ్ల దూరానికి మరో పావు పన్ను దూరం కలిపి అమర్చండి. ఇక్కడ పన్ను దూరమంటే ఒక పన్ను, ఒక ఖాళీ కలిసినది. మొదటి సెన్సర్ వెలిగిన క్షణంలో రెండోది వెలిగి ఉందా ఆరి ఉందా అన్నదే దిశ చెబుతుంది. పైన చెప్పినట్టు ఖాళీ పన్నుకు రెండింతలున్నా ఇది పనిచేస్తుంది, కానీ అంచుల మధ్య ఎడం సమానంగా ఉండదు. కోణాన్ని కూడా లెక్కించదలిస్తే పన్నూ ఖాళీ సమానంగా చేసి, స్విచింగ్ హద్దును తగ్గించి చూసుకోండి.

అప్పగించే ముందు

యంత్రం దగ్గరే ఒక కార్డు ఉంచండి. దాని మీద తేదీ, గ్యాప్ వోల్టేజీ, రెండు చివర్ల రీడింగులు, చుట్టల నిరోధాలు, ఆనాటి ఉష్ణోగ్రత, క్యాలిబ్రేషన్ రేఖ వాలు రాయండి. ఆరు నెలలకోసారి మళ్లీ పదకొండు బిందువులూ తీయనక్కరలేదు. సున్నా, రెండు చివర్లు, ఈ మూడూ పోల్చితే చాలు. మూడూ ఒకే మొత్తంలో జరిగితే బ్రాకెట్ గాని కోర్ గాని జరిగింది, బిగించి సున్నా సరిచేయండి. సున్నా కదలకుండా చివర్లు మాత్రమే తగ్గితే సరఫరా వోల్టేజీని కొలవండి. సెన్సర్‌ను గాని, కోర్‌ను గాని, కేబుల్‌ను గాని, ఎదుటి లోహాన్ని గాని మార్చిన రోజున మాత్రం పాత కార్డును కొట్టివేసి, పదకొండు బిందువులూ మొదటి నుంచి తీయండి.